మిన్ను టోపీకి ఎంత ఎరుపు వేసినా

మిన్ను పడుకున్నాక రాస్తున్నాను. ఒక వాక్యం రాయడం, ఎడమ కన్ను మూసి చదవడం, తర్వాత కుడి కన్ను మూసి చదవడం. ఇక అంత అవసరం లేదని డాక్టర్ మేడమ్ చెప్పారు. అయినా చెయ్యి దానంతటదే కంటి మీదికి వెళ్తోంది. నాలాగే ఎవరో ఒకరు ఎక్కడో ఒక ఆస్పత్రి వరండాలో కూర్చుని, ఇంట్లో పిల్ల అన్నం తిన్నదో లేదో అనుకుంటూ ఉంటారు కదా. వాళ్ల కోసం కొంత, నా చెయ్యి కుదుటపడడం కోసం కొంత.

డిసెంబరు

మిన్నుకు ఐదేళ్లు. క్రిస్మస్ సెలవులకు భీమిలి వెళ్లాం. నేను, మా ఆయన శ్రీకాంత్, మిన్ను. అత్తమ్మ రాలేదు. మామయ్యకు బోయిన్‌పల్లి మార్కెట్లో ఉల్లిగడ్డల వ్యాపారం. తెల్లారకముందే వెళ్లి, పొద్దెక్కేసరికి ఆకలితో నేరేడ్‌మెట్‌లోని ఇంటికి వస్తారు. ఆయనకు వేడి అన్నం ఎవరు పెడతారని అత్తమ్మ ఏ ఊరికీ కదలరు. సముద్రం ఎన్నడూ చూడని ఆ మనిషి, సముద్రపు గాలికి పిల్లకు చెవిపోటు వస్తుందని ఎర్ర ఉన్నితో టోపీ అల్లి ఇచ్చారు.

ఎక్కడికి వెళ్లినా బొమ్మలు వేసుకోవడం నాకు కాలేజీ రోజుల నుంచి అలవాటు. అక్కడ కూర్చుని పెన్సిల్‌తో గీత మాత్రం గీస్తాను. నీళ్ల రంగులు ఇంటికొచ్చాక, తీరిక దొరికినప్పుడు వేస్తాను. అప్పటికి రంగు మర్చిపోకుండా పక్కనే ఒక మాట రాసుకుంటాను. నీలం, పసుపు అని రాస్తే ఏ నీలమో ఏ పసుపో తర్వాత తెలియదు. అందుకని వంటింటి మాటలు రాస్తాను. సాయంత్రపు సముద్రం: చల్లారిన పెసరకట్టు. లైట్‌హౌస్ గోడ: విరిగిన పాలు. పడవ అంచు: ఊరిన నిమ్మకాయ. ఎన్నేళ్ల తర్వాత చదివినా ఆ రంగు కళ్ల ముందుకు వస్తుంది. ఆ పూట ఎంత ఉక్కగా ఉందో, ఎవరు ఏమన్నారో కూడా దాని వెనకే వస్తాయి.

చివరి సాయంత్రం మిన్ను తడి ఇసుక మీద ముందు నడుస్తుంటే వెనకనుంచి గీశాను. టోపీ పక్కన "అత్తమ్మ కుంకుమ" అని రాశాను. పుస్తకం మూసేలోపే పెద్ద అల ఒకటి వచ్చింది. పిల్లను శ్రీకాంత్ ఎత్తుకున్నాడు కానీ టోపీ నీళ్లలో పడింది. ఒకసారి పైకి తేలింది, మళ్లీ కనబడలేదు. మిన్ను రైలెక్కేదాకా ఏడ్చింది. నాయనమ్మకు ఏం చెప్పాలన్నది దాని బాధ. నేను బొమ్మలో నీ టోపీ నీకు తెచ్చి ఇస్తాను, నాయనమ్మకు చూపిద్దువుగాని అని మాటిచ్చాను. చీకట్లో తీసిన ఫోటోల్లో టోపీ నల్లగా ఉంది, అందుకని కూడా.

ఫిబ్రవరి

సెలవుల తర్వాత స్కూలు, జలుబులు, చుట్టాల పెళ్లి ఒకటి. ఫిబ్రవరిలో గానీ రంగుల పెట్టె తెరవలేదు. సముద్రం వేశాను, ఇసుక వేశాను. టోపీ దగ్గర ఆగిపోయింది.

ఎరుపు పూస్తే వెలిసిన గులాబీలా కనిపించింది. ఆరాక ఇంకో పూత వేశాను. మళ్లీ అదే. ట్యూబు పాతదైపోయిందేమోనని కొత్తది కొన్నాను. అదీ అంతే. లైటు చాలడం లేదేమోనని శ్రీకాంత్ నా బల్ల మీద కొత్త ట్యూబ్‌లైటు బిగించాడు. దానికింద ఇంకా తేలిపోయింది. పూత మీద పూత వేస్తుంటే కాగితం పొట్టు లేచింది. ఆ వారమంతా కుడి కన్ను తిప్పితే లోపల పీకుతున్నట్టు నొప్పి. ఫోన్ ఎక్కువ చూస్తున్నానని నాకు నేనే చెప్పుకున్నాను.

ఒకరోజు అత్తమ్మ కాఫీ గ్లాసు పెట్టడానికి వచ్చి, బొమ్మ చూసి నిలబడిపోయారు.

"ఏంది లావణ్యా, గంత ఎరుపు? పిల్ల నెత్తికి దెబ్బ తగిలినట్టున్నది."

నాకు రోషం వచ్చింది. ఇది ఎరుపా అత్తమ్మా, ఎంత వేసినా ఎరుపే రావడం లేదు, మీ టోపీ రంగు మీకే తెలియదా అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి, గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. టోపీ పోగొట్టానన్న కోపం ఇలా తీర్చుకుంటున్నారని అప్పుడు నేను అనుకున్నాను.

మర్నాడు పూజ అయ్యాక రోజూలాగే మిన్నుకు, నాకు బొట్టు పెట్టడానికి కుంకుమ భరిణె తెచ్చారు. అందులో ఇటుక పొడి ఉన్నట్టనిపించింది. ఈసారి కుంకుమ కల్తీది ఇచ్చినట్టున్నారు, ఎక్కడ కొన్నారు అని అడిగాను. అదే డబ్బా, పండక్కి కొన్నదే అన్నారు. ఇద్దరం కాసేపు భరిణెలోకి చూస్తూ నిలబడ్డాం. కుంకుమ మారిందో నేను మారానో ఇద్దరికీ తెలియలేదు. ఇంట్లో ఎవరికీ కన్ను గుర్తుకు రాలేదు. రంగు తప్పయితే రంగుదే తప్పు అనుకున్నాం.

ఆ రోజే మిన్నును స్కూటీ మీద స్కూలుకు తీసుకెళ్తున్నాను. సిగ్నల్ దగ్గర పైన లైటు వెలుగుతోంది, కానీ అది మట్టిరంగులో ఉంది. వెలుగుతోందో ఆరిపోయిందో తేల్చుకునేలోపు బండి ముందుకు పోయింది. పక్కనుంచి వచ్చిన ఆటో గట్టిగా బ్రేకు వేసింది. ఆటోవాలా తిట్టిన తిట్లన్నీ విన్నాను. వెనక మిన్ను నా చున్నీ పట్టుకుని, "అమ్మా, రెడ్ ఉన్నది కదా" అన్నది.

బండి పక్కకు తీసి, ఆ లైటునే చూస్తూ కుడి కన్ను మూశాను. ఎడమ కంటికి లైటు మసకగా ఉంది, కానీ ఎర్రగా ఉంది. ఎడమ కన్ను మూశాను. లైటు గుండ్రంగా తేటగా ఉంది, దానిలో ఎరుపు లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నా ఎడమ కంటికి చిన్నప్పటినుంచి చూపు మందం. తెనాలిలో స్కూలుకెళ్లే రోజుల్లో మా అమ్మ మంచి కంటికి గుడ్డ కట్టి, మందం కన్నుతో చదివించేది. నేను వీధి మలుపు తిరగ్గానే విప్పేసేదాన్ని. కాబట్టి చదివినా, రాసినా, పిల్లకు గోళ్లు తీసినా అన్నీ కుడి కంటితోనే. నాకున్నది ఆ కన్నొక్కటే.

మార్చి

ఆస్పత్రిలో నా కన్ను చూసిన డాక్టర్ మేడమ్ నాకంటే కొంచెమే పెద్దవారు. కంటి వెనక నరం వాచిందన్నారు. చాలామందికి చూపు తిరిగి వస్తుంది, వారాలు పడుతుంది, కొందరికి పూర్తిగా రాదు, కొందరికి ఇది మళ్లీ వస్తుంది. ఆవిడ మెల్లగా, ఏదీ దాచకుండా చెప్పారు. వెనకాల ఇంకేదైనా పెద్ద జబ్బు ఉందేమో తెలియడానికి తలకు స్కాన్ తీయాలన్నారు. నేను విన్నది "కొందరికి" అన్న మాట ఒక్కటే.

వేచి ఉండే గదిలో కంట్లో చుక్కలు వేసి కూర్చోబెట్టేవారు. చుక్కలు వేశాక ఎవరికీ ఏదీ సరిగ్గా కనబడదు. బోర్డు మీద నంబరు ఎవరిదో తెలియదు. ఒకరోజు నా పక్కన తిరుమలగిరి నుంచి మామగారిని తీసుకొచ్చిన ఒకావిడ కూర్చుంది. నేను మాటిమాటికీ బోర్డు వైపు కళ్లు చికిలించడం చూసి, "మీరు కండ్లు మూసుకోన్రి అక్కా. మా మామ నంబరు సూస్తనే ఉన్న, మీది సుత సూస్త" అంది. అంతటితో ఊరుకోలేదు. గదిలో ఏం జరుగుతోందో వాళ్ల మామగారికి చెబుతున్నట్టే నాకూ చెప్పింది. మూలన ఒకాయన భార్య హ్యాండ్‌బ్యాగ్ భుజానికి తగిలించుకుని గురక పెడుతున్నాడట. కౌంటర్ అమ్మాయి ఎవరూ చూడకుండా సమోసా తింటోందట. ఎన్నో రోజుల తర్వాత నవ్వాను. ఆవిడ పేరు అడగడం మర్చిపోయాను.

స్కాన్ గొట్టంలో పడుకోబెట్టినప్పుడు ఊపిరాడనట్టనిపించింది. లోపల సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు. కళ్లు మూసుకుని మనసులోనే నా బొమ్మల పుస్తకం తెరిచాను. భీమిలి బొమ్మలు ఒక్కో పేజీ తిప్పాను. విరిగిన పాల రంగు గోడ వచ్చింది. నిమ్మకాయ అంచు పడవ వచ్చింది. దాని నీడలో వల బాగుచేస్తూ మిన్నుకు గవ్వ ఇచ్చిన ముసలాయన వచ్చాడు. గాలి కూడా వచ్చింది. తర్వాత టోపీ పేజీ. మిన్ను నడుస్తోంది, పాదాల వెనక తడి ఇసుక మెరుస్తోంది, తల మీద టోపీ ఉంది. దానికి రంగు లేదు. ఎంత గుర్తుచేసుకున్నా ఇటుక పొడే వచ్చింది. కన్ను పోతే పోయింది, చూసినవైనా నా దగ్గర ఉంటాయి అనుకుంటూ వచ్చాను. ఇప్పుడు అవి కూడా పోతున్నాయని అనిపించింది. బయటికి తీసినప్పుడు చెవుల్లోకి కన్నీళ్లు కారి ఉన్నాయి. నొప్పి పుట్టిందా అని అడిగారు. లేదని తలూపాను.

స్కాన్‌లో ఇప్పటికైతే భయపడాల్సిందేమీ లేదన్నారు. ఇప్పటికైతే. కొన్ని రోజులు ఆస్పత్రిలో ఉంచి సెలైన్‌లో మందు ఎక్కించారు. నోట్లో ఇనుప చేదు, ఒళ్లంతా చీమలు పాకినట్టు, నిద్ర లేదు, ఆకలి మాత్రం తెగ వేసేది. మొహం ఉబ్బిపోయింది. మిన్ను నన్ను చూడడానికి వచ్చి మంచానికి దూరంగా నిలబడింది. తర్వాత దగ్గరికొచ్చి నా బుగ్గ నొక్కి, "లడ్డు లెక్క అయినవ్" అని మంచమెక్కింది. అప్పటికి చూపు ఇంకా తగ్గి, దాని మొహంలో మధ్య భాగం నాకు పొగలా ఉంది. జుట్టు, చెవులు కనిపించేవి. మొహం వాటి మధ్య ఎక్కడో ఉందని తెలిసేది.

ఎండాకాలం

ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలైంది. ఆస్పత్రిలో చేయడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఇంట్లో ఎదురుచూడడమే.

అత్తమ్మ నా రంగుల పెట్టె, పుస్తకం తీసి బీరువా పైన పెట్టేశారు. బొమ్మల వల్లే కన్ను పాడైందని ఆవిడ నమ్మకం. బొమ్మల వల్ల ఏమీ కాదని మేడమ్ చెప్పినా వినలేదు. చూపు మొత్తం పోకముందే ఆ ఒక్క పేజీ పూర్తి చేయాలని నా ఆరాటం. దీని మీద శ్రీకాంత్‌కూ నాకూ కారులో గొడవైంది.

"ఫోటోలున్నయి కదా లావణ్యా. ఫోన్ నిండా ఉన్నయి. ఇప్పుడు బొమ్మ ముఖ్యమా, కన్ను ముఖ్యమా?"

బొమ్మ కోసమే కదా కన్ను అన్నాను. అర్థం లేని మాట. కొంచెం ముందుకు వెళ్లాక సిగ్నల్ పడింది. పక్కకు చూస్తే ఆయన చేత్తో ఒక కన్ను మూసుకుని ఎర్ర లైటు వైపు చూస్తున్నాడు. తర్వాత రెండో కన్ను మూసి చూశాడు. పచ్చ లైటు పడిందని వెనకవాళ్లు హారన్ కొట్టేదాకా అలాగే ఉన్నాడు. నాకు కనిపించేది ఎలా ఉంటుందో చూద్దామని. ఆ తర్వాత నేను బొమ్మ మాట ఎత్తలేదు.

ఎత్తింది అత్తమ్మే. శ్రీకాంత్ ఏం చెప్పాడో తెలియదు. ఒక ఆదివారం మధ్యాహ్నం మామయ్య పడుకున్నాక, బీరువా పైనుంచి పెట్టె దించి హాల్లో చాప మీద పరిచారు. నన్ను గోడకు ఆనించి కూర్చోబెట్టారు.

"నువ్వు కన్ను మూసుకొని చెప్పు. మేం ఏస్తం."

శ్రీకాంత్ పెన్సిల్ ముక్కలు చదివాడు. చల్లారిన పెసరకట్టు అంటే ఏం రంగు అని అడిగి, నేను చెప్పేలోపే ఏదో కలిపేశాడు.

"పెసరకట్టు నీ జన్మల వండినవా? జెర పసుపు కలుపు. ఇంక జెర," అన్నారు అత్తమ్మ. కలిపిన రంగు చూసి, "సముద్రం గిట్లుంటదా? నేను నీలముంటదనుకున్న," అన్నారు.

ఇంకో పేజీలో శ్రీకాంత్ బొమ్మ ఉంది. లైట్‌హౌస్ నీడలో ఆకలితో నా కోసం ఎదురుచూస్తున్నప్పుడు గీసింది. పక్కన "మాడిన ఉల్లిపాయ" అని రాసి ఉంది. అది పైకి చదివి, ఇది కూడా వేయాలా అని అడిగాడు. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మిన్ను ఆ ఉల్లిపాయ రంగు తనే వేస్తానని పట్టుబట్టి నాన్న మొహమంతా పులిమింది. నేను గోడకు ఆనుకుని ఆ పూట ఏం జరిగిందో చెబుతూ పోయాను. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఏం తిన్నాం, ముసలాయన గవ్వ ఎలా ఇచ్చాడు. అత్తమ్మ మధ్యలో ప్రశ్నలు వేశారు. అల వచ్చేముందు చప్పుడవుతుందా, నీళ్లు వెచ్చగుంటాయా. టోపీ పేజీ మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. నేనే వేస్తానని మాటిచ్చానని మిన్ను గుర్తుచేసింది.

అప్పటినుంచి రోజూ పొద్దున బొట్టు పెట్టేముందు అత్తమ్మ భరిణె మూత తీసి నా ముందు పట్టుకునేవారు. ఎడమ కన్ను అరచేత్తో మూసేవారు. ఆ చెయ్యి పసుపు, కర్పూరం వాసన వేసేది.

"ఎట్లున్నది ఇయ్యాల?"

ఇటుక పొడి అనేదాన్ని. సరే అని బొట్టు పెట్టేవారు. చాలా రోజులు ఇటుక పొడే. తర్వాత ఒకరోజు నానిన చింతపండు అన్నాను. ఆవిడకు అది మంచో చెడో తెలియక శ్రీకాంత్‌ను అడిగారట. మామిడికాయలు వచ్చాయి, ఊరగాయలు పెట్టడం కూడా అయిపోయింది. ఎండుమిరపకాయ అన్నాను. మిన్ను మొహంలో పొగ పలచబడింది. ముందు ముక్కు వచ్చింది, తర్వాత పై పెదవి మీద పుట్టుమచ్చ వచ్చింది. మధ్యలో రెండు రోజులు మళ్లీ ఇటుక పొడికి దిగింది. ఆ రెండు రోజులూ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఎండలో తిరిగితే, ఒళ్లు వేడెక్కితే అలా అవుతుంది, భయపడొద్దని మేడమ్ ఫోన్‌లో చెప్పారు.

వానలు పడ్డాక

మిన్ను స్కూలు మళ్లీ తెరిచారు. వాన పడుతున్న ఒక పొద్దున, దాని రెయిన్‌కోటు గుండీలు పెడుతుంటే అత్తమ్మ భరిణె తెచ్చారు. హడావిడిలో ఉన్నాను. చెయ్యి కంటిని మూసింది, మూత తెరుచుకుంది.

"ఎట్లున్నది?"

"కుంకుమలాగే ఉంది అత్తమ్మా" అన్నాను. అన్నాక, నేనేమన్నానో నాకే వినబడింది.

ఆవిడ వేలు కుంకుమలో ముంచి బొట్టు పెట్టారు. నేను ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటినుంచి ఆవిడ పెట్టిన బొట్టు ఎన్నడూ పక్కకు పోలేదు. ఆ రోజు కనుబొమ మీద పడింది. నేను సర్దుకోలేదు. అలాగే గొడుగు వేసుకుని మిన్నును స్కూలుకు నడిపించాను. సిగ్నల్ దగ్గర కావాలనే ఎర్ర లైటు పడేదాకా నిలబడ్డాం.

పూర్తిగా వచ్చిందని చెప్పను. రెండు కళ్లతో చూస్తే తెలియదు. కుడి కంటితో ఒక్కదానితో చూస్తే ఎరుపు ఒక ఉతుకు ఉతికినట్టు ఉంటుంది. ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. మళ్లీ రావచ్చన్న మాట మేడమ్ వెనక్కి తీసుకోలేదు. ఇది చదివేవాళ్లను అడిగేది ఒక్కటే. ఒక కన్ను మూసి, ఇంట్లో ఎర్రగా ఉన్నదేదైనా చూడండి. తర్వాత రెండోది మూసి చూడండి. తేడా ఉంటే ట్యూబ్‌లైటు మార్చకండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే ఓదార్చకపోయినా పర్వాలేదు. ఇయ్యాల ఎట్లున్నది అని అడగండి. అడిగాక జవాబు వినండి.

మొన్న ఆదివారం టోపీ పేజీ తెరిచాను. ఇన్ని నెలల తర్వాత మొదటిసారి సరిగ్గా చూశాను. అత్తమ్మ చెప్పింది నిజమే. గడ్డకట్టిన ఎరుపు, పొట్టు లేచిన కాగితం, పిల్ల తల మీద గాయంలా ఉంది. అవన్నీ వేసింది నా చెయ్యేనని నమ్మలేకపోయాను. పేజీ చింపి, కొత్త కాగితం మీద మొదటినుంచి వేద్దామని అంచు పట్టుకున్నాను. మిన్ను నా చెయ్యి పట్టుకుంది.

"అది నా టోపీ. ఎందుకు చింపుతున్నవ్?"

రంగు ఎక్కువైంది నాన్నా, నీ టోపీ ఇంత ముదురు ఎరుపు కాదు కదా అన్నాను.

మిన్ను బొమ్మను దగ్గరగా పెట్టుకుని, నాకు తెలియని విషయం చెబుతున్నట్టు ఓపిగ్గా చెప్పింది. "సముద్రంల పడ్డది కదమ్మా. తడిసింది. తడిస్తే గిట్లనే ఐతది."

పుస్తకం తీసుకెళ్లి నాయనమ్మకు చూపించింది. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి, అవును బిడ్డా, ఉన్ని తడిస్తే గంతే అన్నారు. తర్వాత పుస్తకం మూయకుండా, ఆ పేజీ తెరిచే ఉంచి, కిటికీ దగ్గర గాలి తగిలేచోట పెట్టారు.